చిన్న దీవి చుట్టూ మూడు గంటలు తిరిగాం, పదకొండు రకాల పక్షులే కనిపించాయి. పొరపాటు ఎక్కడ జరిగింది?

ఉప్పుగాలి:

అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు చాలాకాలంగా చదువుతున్నాను కానీ ఇంతవరకూ ఒక్క ముక్క రాయలేదు. ఈసారి పరువు సమస్య వచ్చిపడింది కాబట్టి రాస్తున్నాను.

కిందటి ఆదివారం మా నడక బృందం తీరానికి దగ్గరలో ఉన్న ఒక చిన్న దీవికి వెళ్లింది. పడవలో ఇరవై నిమిషాల దూరం. దీవి చుట్టుకొలత మహా అయితే నాలుగు కిలోమీటర్లు. ఒక వైపు ఇసుక, ఇంకో వైపు బురద మేట, దాని వెనక కాస్త మడ అడవి, ఒక కొసన నల్లరాళ్లు. ఇరవై నాలుగు మందిమి. పదిన్నరకు దిగాం, ఒకటిన్నరకు తిరిగి పడవ ఎక్కాం. ఈ మూడు గంటలూ ఆగకుండా నడిచి దీవిని ఒక చుట్టు చుట్టాం. చుట్టామన్న తృప్తి, కాళ్ల నొప్పులు తప్ప ఏమీ మిగలలేదు.

నా పుస్తకంలో ఉన్నది ఇది: పక్షులు పదకొండు రకాలు, అందులో కాకీ పావురమూ ఉన్నాయి. పీతల కన్నాలు కొన్ని వందలు, పీతలు సున్నా. దూరాన బురద మీద చుక్కల్లాంటివి చాలానే కదిలాయి కానీ బైనాక్యులర్ పెట్టినా ఎండ సెగకు వణుకుతూ కనిపించాయి. కొంగో, మరొకటో కూడా తేల్చుకోలేకపోయాం.

ఇంతవరకైతే సరిపెట్టుకునేదాన్ని. మా పడవలోనే ఒక పెద్ద వయసు జంట వచ్చారు. మడత కుర్చీలు రెండు, మూడు కాళ్ల మీద నిలబెట్టిన టెలిస్కోపు ఒకటి. దిగిన చోటి నుంచి రెండు వందల అడుగులు కూడా వేయలేదు. మడ చెట్ల లోంచి చిన్న కాలువ వచ్చి బురదలో కలిసే చోట, నీడన కూర్చున్నారు. మేం తిరిగి వచ్చేసరికి అక్కడే ఉన్నారు. ఎన్ని రకాలు చూశారని మర్యాదకు అడిగాను. ఆవిడ పుస్తకం తెరిచి చూపించారు. ఇరవై తొమ్మిది. పీతలు మూడు రకాలట. పైగా ఆవిడ భర్త మధ్యలో కునుకు కూడా తీశారట.

అదే దీవి, అదే మూడు గంటలు. మరి మేం చేసిన తప్పేమిటి? వచ్చే నెల మళ్లీ వెళుతున్నాం. ఈసారి ఏర్పాట్లన్నీ నా నెత్తిన పెట్టారు. వచ్చేవాళ్లలో తొమ్మిదేళ్ల పాప, పన్నెండేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న ఒక మాష్టారు ఉన్నారు.

మరచిపోయాను, ఒక మంచి పని మాత్రం చేశాం. సంచి తీసుకెళ్లి ఒడ్డున పడి ఉన్న ప్లాస్టిక్ ఏరాం. సీసా మూతలు, తాళ్లు, చొక్కా కాలరులా వంగిన బూడిదరంగు రబ్బరు ముక్కలు నాలుగు. సంచి నిండింది.

ఆటుపోటు:

ఉప్పుగాలి గారూ, ఎన్ని గంటలకు దిగారో రాశారు, ఎన్ని గంటలకు ఎక్కారో రాశారు. ఆ రోజు పోటు ఎప్పుడు, ఆటు ఎప్పుడు, అంటే నీరు నిండుగా ఎక్కింది ఎప్పుడు, పూర్తిగా దిగింది ఎప్పుడు అన్నది ఎక్కడా లేదు. నాకు అక్కడే అనుమానం తగిలింది.

నేను పద్నాలుగేళ్లుగా ఇలాంటి నడకలకు మనుషుల్ని తీసుకెళుతున్నాను. చిన్న దీవి మీద గడియారం గోడకు ఉండదు, నీటిలో ఉంటుంది. చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. ఒక పోటుకూ దాని తర్వాతి పోటుకూ నడుమ సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే ఇవాళ తొమ్మిదికి వచ్చిన పోటు రేపు పదికి కాస్త ముందు వస్తుంది. రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. రోజుకు ఒకే పోటు వచ్చే తీరాలు కూడా లేకపోలేదు, కాబట్టి మీ తీరానికి సంబంధించిన ఆటుపోట్ల వేళల పట్టిక చూసుకోవడం తప్పనిసరి.

మీరు చెప్పిన దృశ్యాన్ని బట్టి చూస్తే మీరు దిగేసరికి నీరు బాగా దిగిపోయి ఉంది. అప్పుడు బురద మేట అంతా ఒక పెద్ద భోజనాల పంక్తి. వడ్డన దూరాన, నీటి అంచున జరుగుతోంది. పక్షులన్నీ అక్కడికే పోయాయి. మీరు ఒడ్డున నిలబడి వంటల పేర్లు చదువుకున్నారు, అంతే. అదే నీరు ఎక్కుతున్నప్పుడు అయితే పంక్తి కురచబడుతూ వస్తుంది. మీరు కదలనక్కర లేదు. అలే వాటిని మెల్లమెల్లగా మీ ముందుకు తోసుకొస్తుంది. నిండు పోటుకు రెండున్నర గంటల ముందు వెళ్లి కూర్చోవాలి. నిండు పోటు వేళకు అన్నీ ఏదో ఒక ఇసుక కొస మీద గుంపుగా చేరి, ఒంటికాలి మీద నిలబడి, ముక్కు వీపు ఈకల్లో దోపుకుని నిద్రపోతాయి. ఆ చోటికి మాత్రం దగ్గరగా పోకండి. ఎందుకో చివర్లో చెబుతాను.

పీతలు, నత్తలు, రాళ్ల గుంటల్లో ఉండే జీవాలు కావాలంటే మాత్రం ఆటు వేళే కావాలి. నీరు పూర్తిగా దిగడానికి గంటన్నర ముందు మొదలుపెట్టి, దిగే నీటి వెంట నడవాలి. కాబట్టి ఒకే గంటలో రెండూ దొరకవు. మీ పడవ పదిన్నరకే అంటారా, రోజు మార్చుకోండి. రోజుకు 50 నిమిషాల చొప్పున వారం గడిస్తే దాదాపు ఆరు గంటలు జరుగుతుంది. ఈ ఆదివారం పదిన్నరకు ఆటు ఉన్న చోట వచ్చే ఆదివారం పదిన్నరకు పోటు ఉంటుంది. ఈ చిన్న లెక్క తెలిశాక నేను పడవ వాళ్లతో గొడవ పడటం మానేశాను. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు నీరు ఎక్కడమూ ఎక్కువే, దిగడమూ ఎక్కువే. అష్టమి ప్రాంతంలో తేడా బాగా తగ్గుతుంది. రాళ్ల గుంటలు చూడాలంటే మొదటివి మంచి రోజులు. పిల్లలతో నడిచేటప్పుడు మాత్రం అవే ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సిన రోజులు, ఎందుకంటే తిరిగి వచ్చే నీరు కూడా అంతే వేగంగా వస్తుంది.

ఇది నాకు పట్టిక చదివి తెలిసింది కాదు. మొదటి ఏడాది ముప్పై మందిని వెంటబెట్టుకుని, మెడలో ఈల వేసుకుని, ఒక ఇసుక తిన్నె మీదికి తీసుకెళ్లాను. అవతల కొసన ఏదో చూపిస్తూ వెనక్కి తిరిగేసరికి మేం వచ్చిన దారి లేదు. మోకాలి లోతు నీళ్లలో చెప్పులు చేత్తో పట్టుకుని బయటపడ్డాం. ఒకాయన కుడికాలి బూటు ఇప్పటికీ ఆ బురదలోనే ఉంది. ఆయన ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. తప్పు నాదే.

ఇక ఇరవై నాలుగు మంది సంగతి. వరసగా నడిస్తే ముందున్న ముగ్గురు పక్షుల్ని చూస్తారు, మిగతా ఇరవై ఒక్క మంది ఒకరి వీపు ఒకరు చూస్తారు. ఆరుగురికి మించకుండా జట్లు చేయండి. ఒక జట్టు రాళ్ల దగ్గర, ఒకటి కాలువ దగ్గర, ఒకటి ఇసుక మీద, ఇంకొకటి మడ చెట్ల అంచున. నలభై నిమిషాలకొకసారి చోట్లు మార్చుకోండి. దీవి చుట్టూ తిరగడం అన్న ఆలోచన అసలు పెట్టుకోకండి. చుట్టి రావడానికి అది గుడి కాదు.

పీతలు సున్నా అన్నారు. మీరు వాటిని చూడలేదు కానీ వాటిలో ప్రతి ఒక్కటీ మిమ్మల్ని చూసింది. వాటి కళ్లు కాడల మీద ఉంటాయి, నిలబడ్డ మనిషి ఆకాశానికి అడ్డంగా కొండలా కనబడతాడు. అడుగుల అదురు ఇసుకలో ముందే తెలిసిపోతుంది. కన్నాలకు పది పన్నెండు అడుగుల దూరంలో నేల మీద కూర్చోండి. మాట్లాడుకున్నా ఫరవాలేదు, కదలకూడదు. ఎనిమిది, పది నిమిషాలకు మొదట రెండు కళ్లు పైకి వస్తాయి. తర్వాత సగం శరీరం. ఒకటి ధైర్యం చేసిందంటే మిగతావి వెంటనే వస్తాయి. బురద అంచున అయితే ఒక కాలు మాత్రం శరీరమంత పెద్దగా పెరిగిన మగ ఫిడ్లర్ పీతలు దాన్ని పైకీ కిందికీ ఊపుతుంటాయి. అది ఆడపీతను పిలవడానికీ, పక్క మగవాణ్ణి హద్దు దాటవద్దని చెప్పడానికీ. తడి ఇసుక మీద ఆవగింజలంత, మిరియాలంత ఉండలు కన్నం చుట్టూ కిరణాల్లా పేర్చి ఉంటే అవి ఇసుకను జల్లెడపట్టి తినే బుల్లి పీతల పని. ఇసుక నోట్లో పెట్టుకుని, తినదగింది తిని, మిగిలింది ఉండ చేసి పక్కన పెడుతుంది. తర్వాతి పోటు వచ్చి మొత్తం తుడిచేస్తుంది. ఆరు గంటల తర్వాత మళ్లీ మొదటి నుంచి మొదలు.

ఆ పెద్దవాళ్లు కూర్చున్న చోటు గమనించారా? చెట్లు, కాలువ, బురద మూడూ కలిసే మూల. నీరు దిగిపోయినా కాలువలో సన్నని ధార ఉంటుంది, అందులో చిన్న చేపలు ఇరుక్కుంటాయి, వాటి కోసం కొంగలూ లకుముకి పిట్టలూ దగ్గరికే వస్తాయి. మీ ఇరవై నాలుగు మందీ అవతలి ఒడ్డుకు పోగానే ఇటువైపు బెదిరినవన్నీ తిరిగి వాలి ఉంటాయి. ఒక రకంగా మీరే వాళ్లకు సాయం చేశారు.

నిద్రపోయే గుంపు దగ్గరికి పోవద్దని ఎందుకన్నానంటే, ఒడ్డు పక్షుల్లో చాలావాటికి ఆ ఒడ్డు ఇల్లు కాదు, దారిలో మజిలీ. 2022 అక్టోబరులో బార్‌టెయిల్డ్ గాడ్విట్ అనే పక్షి ఒకటి అలాస్కా నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దాకా 13,560 కిలోమీటర్లు ఎక్కడా వాలకుండా 11 రోజుల్లో ఎగిరింది. దాని ఒంటి మీది ట్రాన్స్‌మిటర్ ఆ దారంతా నమోదు చేసింది. ఆ పక్షి వయసు అప్పటికి అయిదు నెలలే. ఇలాంటి ప్రయాణానికి అవి కొవ్వు గ్రాము గ్రాము కూడబెట్టుకుంటాయి. మనం ఫొటో కోసం పరుగెత్తి గుంపును ఒకసారి లేపితే ఆ ఖర్చు వాటిది. మన వెనక వచ్చిన ఇంకో బృందం ఇంకోసారి లేపుతుంది. తలలు పైకెత్తి, అన్నీ ఒకే వైపు చూడటం మొదలుపెట్టాయంటే మీరు అప్పటికే ఎక్కువ దగ్గరగా వెళ్లారని అర్థం. అక్కడే ఆగి, రెండడుగులు వెనక్కి వేయండి.

గవ్వలమూట:

ఆటుపోటు గారు చెప్పినదానికి నేను కలిపేది లేదు. నా కన్ను మాత్రం ఆ చివరి పేరా మీద పడింది. ఉప్పుగాలి గారూ, కూర్చుని వినండి. ఆ నాలుగు కాలరు ముక్కలు రబ్బరు కావు, గుడ్లు.

మూన్ స్నెయిల్ అనే నత్త ఇసుకనూ తన జిగురునూ కలిపి ఒక పట్టీలా చేస్తుంది. ఆ రెండింటి నడుమ వేల కొద్దీ గుడ్లు ఉంటాయి. తన గుల్ల చుట్టూ మలుస్తుంది కాబట్టే దానికి కాలరు ఆకారం వస్తుంది. తడిగా ఉన్నప్పుడు అచ్చం రబ్బరులా వంగుతుంది, ఎండితే అప్పడంలా విరుగుతుంది. గుడ్లు పగిలాక తనంతట తానే పొడిపొడి అయిపోతుంది. అందుకే చెక్కుచెదరని కాలరు దొరికిందంటే సాధారణంగా లోపల గుడ్లు ఇంకా ఉన్నట్టు. బాధపడకండి, ప్రతి ఒడ్డునా చెత్త ఏరేవాళ్లు దీన్ని ఏదో పరికరం ముక్క అనుకుంటారు. ఈసారి కనబడితే పిల్లలకు చూపించి, ముట్టకుండా వదిలేయండి.

ఆ నత్త ఎక్కడుందో కూడా చెబుతాను. పైన ఒక గుండ్రటి రంధ్రం ఉన్న ఆలిచిప్పలు ఏరి చూడండి. బరమతో తొలిచినట్టు, అంచు లోపలికి ఏటవాలుగా, ఎంత నున్నగా ఉంటుందంటే దండ గుచ్చుకోమని ఎవరో చేసిచ్చారనిపిస్తుంది. అది ఈ నత్త చేసిన హత్య. కొంత ఆమ్లంతో మెత్తబరుస్తూ, కొంత నాలుక మీది పళ్లతో గీకుతూ గంటల తరబడి తొలిచి, లోపలి మాంసం తినేస్తుంది. నేనైతే పిల్లల జట్టుకు ఇదే పని ఇస్తాను: రంధ్రం ఉన్నవి ఎన్ని, లేనివి ఎన్ని, రంధ్రం చిప్పలో ఏ చోట ఉంది. గంట సేపు నోరు మెదపరు.

మోకాళ్ల నొప్పుల మాష్టారికి కొట్టుకొచ్చిన వరస ఇవ్వండి. నిన్నటి పోటు ఎంతవరకు వచ్చిందో చూపిస్తూ ఎండిన నాచు, పుల్లలు ఒక గీతలా పడి ఉంటాయి కదా, అది. ఒక చిన్న ముక్కాలి పీట వేసుకుని పది అడుగుల గీత చూసినా పొద్దు గడుస్తుంది. సముద్రపు నురుగు అని పిలిచే తెల్లటి బిళ్లలు, అంటే కటిల్ చేప లోపలి పెంకులు, పీతలు విడిచిన పాత చొక్కాలు, మూలలకు కొమ్ములున్న తోలు సంచుల్లాంటి స్కేట్ చేప గుడ్ల తొడుగులు. విడిచిన పీత పెంకును చచ్చిన పీత అనుకుంటారు చాలామంది. ఎత్తి చూస్తే తేలిపోతుంది, లోపల ఎవరూ ఉండరు. చెత్త ఏరేటప్పుడు ఆ ఎండు నాచును మాత్రం తీయవద్దు. దాని కింద ఎగిరే బుల్లి జీవాలే ఒడ్డు పిట్టల ఫలహారం.

శంఖాలు ఇంటికి తెచ్చుకోవద్దని కూడా చెప్పండి. ఈ మాట చెప్పే అర్హత నాకు లేదు, నా పేరు చూస్తే తెలుస్తుంది. ఒకప్పుడు గాజు సీసా నిండా ఏరుకొచ్చి కిటికీలో పెట్టాను. అర్ధరాత్రి టక్కు టక్కు మని చప్పుడు. దీపం వేసి చూస్తే ఒక శంఖం సీసా గోడ ఎక్కాలని చూస్తోంది. లోపల హెర్మిట్ పీత ఉంది. పరాయి శంఖంలో కాపురం ఉంటుంది కదా, ఒళ్లు పెరిగినకొద్దీ పెద్దది వెతుక్కోవాలి. ఖాళీగా ఉన్న పెద్ద శంఖం ఒకటి దొరికితే వాటిలో కొన్ని జాతులు పెద్దా చిన్నా వరసలో నిలబడతాయి. అన్నిటికన్నా పెద్దది కొత్త ఇంట్లోకి మారగానే, దాని పాత ఇంట్లోకి తర్వాతిది, దానిలోకి ఆ తర్వాతిది. మనం ఒక మంచి శంఖం జేబులో వేసుకుంటే ఆ వరస మొత్తం ఆగిపోతుంది. మర్నాడు మొదటి పడవకు వెళ్లి దాన్ని దింపి వచ్చాను. అలవాటు కొద్దీ పేరు మాత్రం మార్చుకోలేదు.

ఒంటికాలి కొంగ:

నాకు అసలు ఈ పోటీయే నచ్చలేదు. పదకొండా, ఇరవై తొమ్మిదా అని దీవిని పరీక్ష పేపరులా దిద్దడం ఎందుకు? చిన్న దీవిలో జాతులు తక్కువే ఉంటాయి. దీవి ఎంత చిన్నదో, ఒడ్డుకు ఎంత దూరమో అన్నదాన్ని బట్టి కొత్తగా వచ్చేవీ, అంతరించేవీ ఒక లెక్కకు సర్దుకుంటాయని 1960ల్లో రాబర్ట్ మెకార్థర్, ఎడ్వర్డ్ విల్సన్ అనే జీవశాస్త్రవేత్తలు చెప్పారు. తర్వాత విల్సన్, ఆయన విద్యార్థి డేనియల్ సింబర్లాఫ్ కలిసి ఫ్లోరిడా తీరంలోని బుల్లి మడ దీవులకు గుడారాలు కప్పి, పొగబెట్టి, వాటి మీది పురుగుల్ని పూర్తిగా చంపేశారు. ఇవాళ అయితే ఎవరూ ఒప్పుకోరనుకోండి. ఏడాది తిరిగేసరికి చాలా దీవుల్లో జాతుల సంఖ్య దాదాపు మొదటి సంఖ్యకే చేరింది. కానీ వచ్చినవి చాలావరకు మునుపటివి కావు. అంటే సంఖ్య అదే, నివాసులు వేరు. మీ పుస్తకంలో సంఖ్య ఒక్కటే రాసుకుంటే ఏమి తెలిసినట్టు?

ఎవరూ చెప్పని మాట ఇంకొకటి. పడవ ఎక్కే ముందు బూట్ల అడుగున మట్టి, సాక్సులకు అంటుకున్న గింజలు దులుపుకోండి. సంచులు తెరిచి చూసుకోండి, ఎలుక దూరి ఉండవచ్చు. తినగా మిగిలింది అక్కడ పారేయకండి. నేల మీద గూడు పెట్టే పక్షులకు దీవి సురక్షితం అయ్యేది అక్కడ ఎలుకా పిల్లీ లేకపోవడం వల్లే. న్యూజిలాండులోని స్టీఫెన్స్ దీవిలో ఎగరలేని ఒక చిన్న పిట్ట ఉండేది. 1890ల్లో లైట్‌హౌస్ కాపలాదారు పెంచుకున్న ఒకే ఒక్క పిల్లి ఆ జాతి మొత్తాన్ని తినేసింది.

ఆటుపోటు:

కొంగ గారూ, ఎలుకల మాట అక్షరాలా నిజం, నాకు తట్టనే లేదు. ఆ పిల్లి కథకు మాత్రం చిన్న సవరణ. ఒక్క పిల్లి అన్నది చెప్పుకోవడానికి బాగుంటుంది కానీ ఆ రోజుల్లో ఆ దీవి మీద పిల్లులు పెరిగి అడవిపాలయ్యాయి, పిట్టల్ని తుడిచిపెట్టింది అవన్నీ కలిసి. ఆ పిట్ట అంతకు చాలాకాలం ముందు న్యూజిలాండు పెద్ద దీవుల్లోనూ ఉండేది, మనుషుల వెంట పడవల్లో వచ్చిన ఎలుకల వల్ల అక్కడ పోయింది. స్టీఫెన్స్ దీవి దానికి మిగిలిన ఆఖరి ఇల్లు. అందువల్ల మీరు చెప్పదలుచుకున్న సంగతి ఇంకా గట్టిపడుతుందే తప్ప తగ్గదు.

సంఖ్య గురించి మీతో సగం ఏకీభవిస్తాను. సంఖ్య పక్కన పోటు వేళ, కూర్చున్న చోటు, ఎంతసేపు కూర్చున్నదీ రాస్తే అది పనికొచ్చే కాగితం. లేకపోతే లాటరీ నంబరు.

ఉప్పుగాలి:

అందరికీ ధన్యవాదాలు. పట్టిక తీసి చూశాను. ఆ ఆదివారం నీరు అన్నిటికన్నా కిందికి దిగింది పన్నెండూ అయిదుకు. ఆటుపోటు గారికి దండం. గుడ్ల సంగతి మా వాళ్లకు చెబితే కాసేపు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత ఆ సంచి మోసిన ఆయన 'నేను ముందే అన్నాను' అన్నారు. ఆయన ఏమీ అనలేదు.

ఇంకొక సంగతి దాచాను, ఇప్పుడు చెబుతున్నాను. ఇసుక వైపు నడుస్తుంటే అరచేతిలో పట్టేంత పిట్ట ఒకటి రెక్క విరిగినట్టు నేల మీద ఈడ్చుకుంటూ, కుయ్యి కుయ్యి మంటూ మా ముందు పోయింది. మా వాళ్లలో ఒకాయనకు జాలి ఎక్కువ. తువ్వాలు తీసి, పట్టుకుని వైద్యం చేయిద్దామని దాని వెంట పడ్డారు. వంద గజాలు పరుగెత్తించి అది హాయిగా ఎగిరిపోయింది. ఆయన ఆయాసపడుతూ వచ్చి కూలబడ్డారు. అది ఏమిటి?

ఆటుపోటు:

నటన. ప్లవర్ జాతి పిట్ట అయి ఉంటుంది. గుడ్లో పిల్లలో మీ కాళ్ల దగ్గరే ఉన్నాయి. గూడంటే పుల్లలతో కట్టింది కాదు, ఇసుకలో చిన్న పల్లం, అందులో మూడో నాలుగో గుడ్లు, రంగూ మచ్చలూ అచ్చం గులకరాళ్లవే. అందుకని అది 'నేను కుంటిదాన్ని, నన్ను పట్టుకో' అని వేటాడే జంతువును గూటి నుంచి దూరంగా లాక్కుపోతుంది. మీ స్నేహితుడు నక్క చేసే పనే చేశారు, తువ్వాలు ఒక్కటే తేడా.

ఈసారి అలా కనబడితే దాని వెంట వెళ్లకండి, గూడు కోసం వెతకకండి. ఏ అడుగుల్లో వచ్చారో ఆ అడుగుల్లోనే వెనక్కి వెళ్లిపోండి. మిట్ట మధ్యాహ్నం తల్లి పక్కకు పోతే గుడ్లకు కావలసింది వెచ్చదనం కాదు, నీడ. చాలా నిమిషాలు ఎండలో మాడితే లోపలి పిల్ల బతకదు. అందరూ తడి ఇసుక మీదనే నడిస్తే ఈ గొడవే ఉండదు, పోటు తడిపే చోట ఏ పిట్టా గుడ్లు పెట్టదు.

ఉప్పుగాలి (అయిదు వారాల తర్వాత):

వెళ్లి వచ్చాం. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు నిండు పోటు ఉన్న ఆదివారం చూసుకుని పదిన్నరకు దిగాం. ఇరవై నాలుగులో పదిహేడు మందే వచ్చారు. కూర్చోవడానికి అంత దూరం ఎందుకని మిగిలినవాళ్లు మానేశారు. మూడు జట్లు అయ్యాం.

మొదటి అరగంట నరకం. ఫోన్లు తీశారు, దగ్గారు, ఎప్పుడు నడుస్తామని అడిగారు. పన్నెండేళ్ల బాబు పన్నెండు సార్లు అడిగాడు. తొమ్మిదేళ్ల పాప మాత్రం పీత కన్నం ముందు బోర్లా పడుకుంది. పీత రెండు చేతుల నిండా ఇసుక ఎత్తుకొచ్చి విసిరేసి మళ్లీ లోపలికి పోవడం ఇరవై మూడు సార్లు చూసింది. ప్రతిసారీ ఒకే వైపు విసురుతోందని కనిపెట్టింది ఆ పిల్లే. మాష్టారు కొట్టుకొచ్చిన వరస దగ్గర పీట వేసుకుని ఎనిమిది అడుగులు పూర్తి చేశారు. మిగతా రెండు అడుగులకు మళ్లీ రావాలన్నారు.

పన్నెండు దాటాక నీరు మా వైపు రావడం మొదలైంది. ఆటుపోటు గారు చెప్పినట్టే చుక్కలు దగ్గరపడుతూ వచ్చాయి. మొదట వాటికి కాళ్లు వచ్చాయి, తర్వాత ముక్కులు వచ్చాయి, తర్వాత కొన్ని ముక్కులు పైకి వంగాయి, కొన్ని కిందికి వంగాయి. ఇంత కాలం వీటన్నిటినీ కొంగలనేశాం. తువ్వాలు ఆయనకు కునుకు పట్టింది. ఒక చిన్న పిట్ట పరుగెత్తుకొచ్చి, ఆగి, పొడిచి, మళ్లీ పరుగెత్తి, ఆయన బూటుకు జానెడు దూరం నుంచి దాటిపోయింది. ఎవరూ లేపలేదు. లేచాక చెబితే నమ్మలేదు.

కాలర్లు రెండు కనబడ్డాయి. వాటి చుట్టూ పుల్లలు గుచ్చి కంచె వేద్దామని ఎవరో అంటే వద్దన్నాను, పోటు వస్తే పుల్లలు ఎలాగూ నిలవవు. పక్షులు పంతొమ్మిది రకాలు. నేను లెక్కపెట్టలేదు. ఆ పెద్దవాళ్ల ఇరవై తొమ్మిదికి ఇంకా పది తక్కువని తువ్వాలు ఆయనే పడవలో లెక్క తేల్చారు.

ఆయన నిద్రపోయిన నలభై నిమిషాల్లో మేం చూసినవాటిని లెక్కలోకి తీసుకోనన్నారు, తాను చూడలేదు కాబట్టి. తీసుకుంటే ఇరవై రెండు. గొడవ ఇంకా తేలలేదు.